మా రోజుల్లో పావలాకైనా రసీదు ఉండేది

మా రోజుల్లో రోడ్డు పక్కన జామకాయలమ్ముకునే మనిషి దగ్గర పావలా తీసుకోవాలన్నా చేతిలో రసీదు పుస్తకం ఉండాలి. ఇవాళ ఒంటి మీద యూనిఫాం ఉంటే చాలనుకునేవాళ్లు తయారయ్యారు. బండి దగ్గర ఆగడం, "లైసెన్సేదీ?" అనడం, డబ్బా మూత తీసి ఉన్నదంతా ఊడ్చుకుని "సీజ్ చేశాం" అనడం. ఎంత తీశారో లెక్క ఉండదు, ఎందుకు తీశారో కాగితం ఉండదు. దీన్ని చూస్తూ నోరు మూసుకు కూర్చోవడం నా వల్ల కావడం లేదు.

గాలికి మాట్లాడటం లేదు. గోదావరి జిల్లాల్లో మున్సిపాలిటీ రెవెన్యూ సెక్షన్‌లో గుమాస్తాగా చేరి, అక్కడే తల నెరిసి రిటైరైనవాణ్ణి. బజారులో కూర్చుని అమ్ముకున్నందుకు ఊరికి కట్టే రుసుముని మా వైపు ఆశీలు అంటాం, తెలంగాణలో తైబజారు అంటారు. గంపకి ఒక రేటు, తోపుడు బండికి ఒక రేటు. ఆశీలు మనిషి పొద్దున్నే సంచీ తగిలించుకుని బయల్దేరేవాడు. పైసలు చేతిలో పడగానే నంబరు వేసిన పుస్తకంలోంచి చీటీ చింపి ఇచ్చేవాడు. సాయంత్రం ఆఫీసుకొచ్చి చిల్లర బల్ల మీద పోస్తే, చింపిన చీటీలకీ ఆ డబ్బుకీ లెక్క కుదిరేదాకా ఎవరూ ఇంటికి వెళ్లేవాళ్లు కాదు. పది పైసలు తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి లెక్క చూడాల్సిందే. అమ్ముకునేవాడు ఆ చీటీని తట్ట అంచున గుచ్చుకునేవాడు. రెండోసారి ఎవరొచ్చి అడిగినా వేలితో దాన్ని చూపించేవాడు. చదువు రానివాడికి కూడా ఆ చిన్న కాగితం కొండంత అండ.

అప్పుడంతా ధర్మం నాలుగు పాదాల మీద నడిచిందని చెప్పను. ఆశీలు పాట పాడుకున్న కాంట్రాక్టరు మనుషులు రసీదు మీద ఒక అంకె రాసి, నోటితో ఇంకో అంకె చెప్పి వసూలు చేసిన ఊళ్లున్నాయి. కానిస్టేబుల్ వచ్చి డజను అరటిపళ్లు అడిగి తీసుకుపోవడం కళ్లారా చూశాను. అదీ తప్పే, అప్పుడూ తప్పే. కానీ పళ్లు తీసుకున్నవాడు కూడా గల్లాపెట్టె మీద చెయ్యి వేసేవాడు కాదు. ఆ పెట్టెలో ఉన్నది ఒక ఇంటి తిండి అని వాడికీ తెలుసు. చుట్టూ ఉన్న పదిమంది ఊరుకోరనీ తెలుసు. ఆ జంకు ఇప్పుడు పోయింది.

పోయిన వేసవిలో మా వీధి చివర ఒకావిడ నడిపే బజ్జీల బండి దగ్గర ఇదే జరిగింది. ఇద్దరు పోలీసులొచ్చారు, లైసెన్సు అడిగారు, ఆవిడ లేదంది. డబ్బాలో ఉన్న నోట్లన్నీ తీసుకున్నారు. "స్టేషన్‌కొచ్చి మాట్లాడు" అని వెళ్లిపోయారు. మర్నాడు నేనే అడిగాను, వెళ్లావా అమ్మా అని. "ఎళ్తే ఏం లాభం బాబాయ్‌గారూ? డబ్బులెలాగూ రావు. మొహం గుర్తుపెట్టుకుంటే రేపట్నించి బండి కూడా పెట్టనివ్వరు" అంది. ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఎదిరించి చెప్పలేనివాళ్ల దగ్గరే ఇలాంటి సీజులన్నీ జరుగుతాయి. పెద్ద షోరూమువాడు ఫుట్‌పాత్ మీద బొమ్మలు నిలబెట్టి, మెట్లు కట్టి, జనరేటరు పెట్టుకున్నా వాడి కౌంటరు సొరుగు ఎవరూ లాగరు.

ఆ డబ్బాలో ఉన్నది లాభం అనుకుంటున్నారు, అది మదుపు. బజ్జీల బండి నడవాలంటే రోజూ శనగపిండి, నూనె, మిరపకాయలు, గ్యాసు కావాలి. చాలామంది ఆ డబ్బు రోజు వడ్డీకి తెస్తారు. పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి సాయంత్రానికి వెయ్యి తెమ్మంటారు. తెలంగాణలో దీన్నే గిరిగిరి అంటారు. ఇలాంటి అప్పుల ఘోరం 2015లో విజయవాడ కాల్‌మనీ వ్యవహారంతో రాష్ట్రమంతా చూసింది. రాత్రి డబ్బాలో రెండు వేలు కనబడ్డాయనుకోండి. అందులో వెయ్యి అప్పువాడిది, ఏడు వందలు రేపటి సరుకుది. ఆ మనిషికి మిగిలేది మూడు వందలు. రెండు వేలూ పట్టుకుపోతే ఆ రోజు కూలి ఒక్కటే పోయినట్టు కాదు. రేపు బండి కదలదు, ఎల్లుండికి అప్పు మీద అప్పు. వెయ్యి రూపాయలకి వడ్డీ కట్టలేక ఊరు విడిచి వెళ్లిన కుటుంబాలు నాకు తెలుసు.

ఇక చట్టం సంగతి. మా రోజుల్లో వీధి వ్యాపారికంటూ ప్రత్యేకంగా చట్టం లేదు. రోడ్డు పక్కన అమ్ముకోవడం కూడా, తగిన ఆంక్షలకు లోబడి, రాజ్యాంగమిచ్చిన హక్కేనని సుప్రీంకోర్టు 1989లో సోదాన్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తర్వాత పాతికేళ్లకి, 2014లో, వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలంది. నోటీసు గడువు దాటినా కదలకపోతే స్థానిక సంస్థ సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు కూడా సరుకు జాబితా రాసి, సంతకం పెట్టి, ఆ ప్రతి వ్యాపారి చేతికివ్వాలి. రుసుము కట్టి అడిగితే, పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. అమ్ముకునే ధ్రువపత్రం లేకుండా అమ్మితే జరిమానా 2,000 రూపాయల దాకా ఉండొచ్చు, దాన్ని నిర్ణయించేది స్థానిక సంస్థ. ఇంత వివరంగా రాసిన చట్టంలో వ్యాపారి డబ్బాలోని నగదు తీసుకోమని ఎక్కడా లేదు.

పోలీసులకు వేరే అధికారాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. దొంగసొత్తనో, నేరంతో ముడిపడి ఉందనో అనుమానం ఉంటే స్వాధీనం చేసుకోవచ్చు. ఆ సంగతి మేజిస్ట్రేటుకి తెలపాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సోదా చేసి స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తీయాలని కూడా చెబుతోంది. బజ్జీలమ్మితే వచ్చిన నోట్లు దొంగసొత్తెలా అవుతాయి? హైదరాబాద్‌లో పాత సిటీ పోలీసు చట్టం కింద ఫుట్‌పాత్ వ్యాపారుల మీద పెట్టీ కేసులు రాస్తారు. అక్కడైనా జరిమానా వేయాల్సింది కోర్టే. పంచనామా లేకుండా, కోర్టు లేకుండా, రసీదు లేకుండా తీసుకున్న సొమ్ముని సీజు అనకూడదు. అది దోపిడీ.

"లైసెన్సు లేదుగా" అన్న మాట వింటే నాకు మరీ మండుతుంది. ఆ ధ్రువపత్రం ఇవ్వాల్సిందెవరు? అందుకోసం ఊళ్లో టౌన్ వెండింగ్ కమిటీ వేయాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. సర్వే చేసి అందరికీ ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అదే చట్టం చెప్పింది. తమ పని తాము పూర్తిచేయకుండా, ఆ లోటుకి శిక్ష బండి తోసుకునే మనిషికి వేయడం ఏం న్యాయం? మా రోజుల్లో ఆశీలు కట్టినవాడు ఆ రోజుకి హక్కుదారు. సాయంత్రందాకా వాణ్ణి కదిపేవాడు లేడు.

కేంద్ర ప్రభుత్వం 2020 జూన్‌లో పీఎం స్వనిధి తెచ్చింది. కరోనాలో మదుపు కరిగిపోయిన వీధి వ్యాపారులకి మొదట 10,000 రూపాయలు పూచీ లేకుండా అప్పిప్పించింది. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా వాళ్లు బండి బండికీ తిరిగి పేర్లు రాసుకున్నారు. మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. మా కాలంలో అలాంటి ఆసరా లేదు. మరి ఒక ప్రభుత్వం బ్యాంకు చేత ఇప్పించిన మదుపుని ఇంకో ప్రభుత్వం ఖాకీ చొక్కాలో వచ్చి డబ్బాలోంచి తీసుకుపోతే ఆ అప్పు వాయిదా ఎవరు కడతారు?

ట్రాఫిక్ సంగతి నాకు తెలియంది కాదు. అంబులెన్సుకి దారి ఉండాలి, బడి పిల్లలకి ఫుట్‌పాత్ ఉండాలి. విజయవాడ బీసెంట్ రోడ్డులో పండగ ముందు నడిచినవాళ్లెవరికైనా ఆ ఇబ్బంది తెలుస్తుంది. అడ్డంగా ఉన్న బండిని పక్కకు తీయించండి. వినకపోతే కేసు రాయండి. మా టౌన్‌లో పనిచేసిన ఎస్సైలు కొందరు బజారు మొదట్లో నిలబడి, సున్నంతో గీత గీయించి, గీత దాటినవాణ్ణి వెనక్కి పంపేవాళ్లు. రోడ్డూ సాగేది, బేరమూ సాగేది. డబ్బు ఊడ్చుకుపోతే రోడ్డు ఒక్క అడుగు కూడా వెడల్పవదు.

ఇప్పుడు అందరూ ఫోన్‌తో స్కాన్ చేస్తున్నారు, నోట్లే లేనప్పుడు ఈ బాధ పోతుందిలే అంటాడు మా మనవడు. పోదు. ఎక్కడో సైబర్ మోసం చేసినవాడు ఆ సొమ్ముతో ఒక టీ తాగి స్కాన్ చేస్తే, టీ కొట్టువాడి ఖాతా మొత్తం స్తంభిస్తోంది. ఏ రాష్ట్రం పోలీసులు ఆపించారో కూడా అతనికి తెలియదు. కేరళలో చిన్న వ్యాపారులు ఇలా చిక్కుకుంటే, అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపాలి, ఖాతా అంతా కాదని ఆ రాష్ట్ర హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. డబ్బాలోంచి తీసినా, ఖాతాలో ఆపినా, పేదవాడి మదుపు ముట్టుకునేవాడు ముందు కారణం రాసివ్వాలి.

నేనడిగేది కొత్త చట్టం కాదు, ఉన్నది పాటించమంటున్నాను. వ్యాపారి దగ్గర ఏది తీసుకున్నా అక్కడికక్కడే అంకె వేసి, పేరు రాసి, సంతకం పెట్టి కాగితమివ్వాలి. కాగితమివ్వలేనివాడు చెయ్యి పెట్టకూడదు. ఇక కొనేవాళ్లకి ఒక మాట. మా రోజుల్లో బజారులో ఎవరైనా అన్యాయంగా చెయ్యి చేసుకుంటే కొనడానికొచ్చినవాళ్లే అడ్డుపడి "ఏమిటండీ ఇది?" అనేవాళ్లు. ఇప్పుడు మీరు పొట్లం అందుకుని తలదించుకుని వెళ్లిపోతున్నారు. వెళ్లకండి. రెండు నిమిషాలు నిలబడి, మర్యాదగానే, "రసీదు ఇవ్వండి సార్" అని అడగండి. బండి వెనకున్నవాళ్లు ఆ మాట అడగలేరు. అడిగినా వాళ్ల మాటకి విలువివ్వరు. మీరు అడగాలి.