అల్లుడుగారి అయిదు పోర్టుల స్విచ్చు

ఆదివారం పొద్దున్నే కూకట్‌పల్లి ఫ్లాటులో హాలు నిండా స్క్రూలు పరుచుకున్నాయి. పొదుపు పాపారావు అటక మీది పాత సీపీయూ దించి దుమ్ము దులిపాడు. ఆయన అల్లుడు సర్వర్ సర్వేశం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజార్లో కొన్న సెకండ్‌హ్యాండ్ ఇంటెల్ కార్డును అందులో బిగించాడు. కార్డుకి నాలుగు ఈథర్నెట్ పోర్టులు, మదర్‌బోర్డుకి ఒకటి, మొత్తం అయిదు. మీటరు మీనాక్షమ్మ కాఫీ గ్లాసులతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమిటి బాబూ ఇదంతా?"

"స్విచ్చు అత్తయ్యగారూ. ఫైబర్ డబ్బా నుంచి వచ్చే నెట్టుని టీవీకి, నా ల్యాప్‌టాప్‌కి పంచుతుంది."

"బజార్లో దొరకవా?"

"దొరక్కేం, వెయ్యి రూపాయలు దండగ! ఇదైతే ఇంట్లో పడున్నదేగా" అన్నాడు పాపారావు.

"మరి ఆ కార్డెంతండీ?"

"రెండున్నర వేలే."

మీనాక్షమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

సర్వేశం చెప్పింది అబద్ధమేం కాదు. కంప్యూటర్ని స్విచ్చుగా వాడే సదుపాయం లినక్స్‌లో ఏళ్లుగా ఉంది. బీఆర్0 అని ఒక బ్రిడ్జి సృష్టించి, అయిదు పోర్టుల్నీ అందులో చేరిస్తే చాలు. వచ్చిన ప్రతి ఫ్రేములోనూ పంపినవాడి 48 బిట్ల మ్యాక్ చిరునామా చూసి, ఏ యంత్రం ఏ పోర్టు వెనక ఉందో అది గుర్తుపెట్టుకుంటుంది. 300 సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకపోతే మరిచిపోతుంది. కొన్న స్విచ్చు చేసేదీ ఇదే. కాకపోతే అక్కడ ఆ పనికే పుట్టిన చిప్పు ఉంటుంది, ఇక్కడ ప్రతి ప్యాకెట్టూ మెమరీలోకి ఎక్కి, ప్రాసెసర్‌కి కనబడి, మళ్లీ దిగి వెళ్లాలి. గిగాబిట్ తీగలో పెద్ద ప్యాకెట్లయితే సెకనుకి 81 వేల చిల్లర. అన్నీ 64 బైట్ల బుల్లి ఫ్రేములైతే 14 లక్షల 88 వేలు, అదీ ఒక పోర్టులో, ఒక దిక్కున. చిప్పుకి రెండూ ఒకటే. పాత ప్రాసెసర్‌కి రెండోది చెమటలు పట్టిస్తుంది. అయితే సినిమాలు చూసే ఇంట్లో తిరిగేవి ఎక్కువగా పెద్ద ప్యాకెట్లే.

అందుకే సర్వేశం వేగం కొలిచే ఐపెర్ఫ్ పెట్టి చూస్తే 940 మెగాబిట్లు వచ్చాయి. గిగాబిట్ తీగలో మామూలుగా అంతకుమించి పట్టదు.

"చూశారా మామయ్యగారూ, ఫుల్ స్పీడ్! పైగా ఫుల్ కంట్రోల్ మనదే."

"ఇంకా రెండు పోర్టులు ఖాళీగా ఉన్నాయి అల్లుడుగారూ, దుమ్ము పట్టవూ?" అంటూ పాపారావు సొరుగులో దొరికిన మూరెడు కేబుల్ తీసి, ఆ కొస ఒకదానిలో, ఈ కొస రెండోదానిలో దోపాడు.

నెట్టు చచ్చింది. టీవీలో హీరోయిన్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఐపీ ప్యాకెట్టుకి ఇన్ని మజిలీలని ఆయుష్షు రాసిపెట్టి ఉంటుంది. ఈథర్నెట్ ఫ్రేముకి అలాంటిదేమీ లేదు. అందరికీ పంపే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఆ మూరెడు తీగలో చిక్కిందంటే, ఎవరో ఊడబీకేదాకా తిరుగుతూ, తిరిగినప్పుడల్లా అన్ని పోర్టుల్లోకీ తన నకళ్లు పంపుతూనే ఉంటుంది. ఈ జబ్బుకి 1985లోనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రాడియా పెర్ల్‌మన్ మందు కనిపెట్టారు. దాని పేరు స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్. లినక్స్ బ్రిడ్జిలో అది ఉంటుంది గానీ, మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయదు.

సర్వేశం ఆన్ చేశాడు. అప్పట్నుంచి ల్యాప్‌టాప్ తీగ తీసి పెట్టినప్పుడల్లా ఆ పోర్టు 15 సెకన్లు విని, ఇంకో 15 సెకన్లు నేర్చుకుని, ఆ తర్వాతే దారి ఇస్తోంది.

"అది ఆలోచిస్తోంది మామయ్యగారూ."

"ఆలోచించనివ్వండి, తొందరేముంది!"

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకునేలోపు ఫ్యాను ఒకసారి నీరసించి సర్దుకుంది. సీపీయూ మాత్రం ఆగి మళ్లీ మొదలైంది. కీబోర్డు కనబడలేదు, ఎఫ్1 నొక్కమని అడిగి ఆగిపోయింది. అడిగిన సంగతి ఎవరికీ తెలియదు, మానిటర్ పొద్దున్నే పీకేశారు గనక. గంటసేపు కొట్టుకున్నాక మీనాక్షమ్మే నెట్టు కుర్రాడు వైరు యాదగిరికి ఫోన్ చేసింది.

"గీ సీపీయూ ఏంది సార్?"

"స్విచ్చు."

యాదగిరి ఇంకేం అడగలేదు. గోడకున్న ఫైబర్ డబ్బాని కొంచెం పక్కకి తిప్పాడు. "దీన్ల నాలుగు పోర్టులున్నయి సార్. మీరు ఒక్కటే వాడిన్రు." రెండు తీగలూ అందులో పెట్టాడు. హీరోయిన్ నోరు మూసింది.

"నేను చూశాను. కానీ అందులో మనకి కంట్రోల్ ఉండదయ్యా" అన్నాడు సర్వేశం. "ప్యాకెట్లు పట్టి చూడలేం, సొంత ఫైర్‌వాల్ రాయలేం."

ఆ మాట నిజమే. నడిచిపోయే ట్రాఫిక్‌ని టీసీపీడంప్‌తో చదవాలన్నా, మధ్యలో ఓపీఎన్‌సెన్స్ ఫైర్‌వాల్ కూర్చోబెట్టాలన్నా, ప్రాక్స్‌మాక్స్ మీద వర్చువల్ మెషీన్లు నడపాలన్నా ఇలాంటి పెట్టే కావాలి.

"ఇంతకీ ఎన్ని పట్టి చూశారు బాబూ?" అంది మీనాక్షమ్మ.

"ఇంకా మొదలుపెట్టలేదు అత్తయ్యగారూ."

"ఎన్ని వాట్లు తాగుతుంది?"

"ఊరికే ఉన్నప్పుడు ఓ 50."

ఆవిడ క్యాలెండర్ వెనక లెక్క కట్టింది. రోజంతా నడిస్తే నెలకి 36 యూనిట్లు. 3 వాట్ల చిన్న స్విచ్చయితే రెండు యూనిట్ల చిల్లర. పాపారావు ఆ కాగితం వంక చాలాసేపు చూసి, తనే నిచ్చెన తెచ్చి అటక ఎక్కాడు.

పగలూ రాత్రీ ఎలాగూ నడిచే సర్వరు మీ ఇంట్లో ఉండి, దానికి ఖాళీ పోర్టులుంటే బ్రిడ్జి పెట్టుకోండి, పెద్దగా ఖర్చేం కాదు. లేదంటే ముందు ఫైబర్ డబ్బా వెనక్కి చూడండి. కొన్నిటిలో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100 మెగాబిట్లవే ఉంటాయి. ఆ ఒక్కటీ ల్యాప్‌టాప్‌కి ఇవ్వండి. టీవీకి ఏదైనా సరిపోతుంది, చాలా టీవీల సొంత పోర్టే 100 మెగాబిట్లది.