మీటరులో లేని నా గంటలు

నేను మహీంద్రా 575ని. నాలుగు సిలిండర్లు, 45 హెచ్‌పీ. నంబరు ప్లేటు మీద కేఏ 36 అని ఉంటుంది, అంటే రాయచూరు జిల్లా బండిని. మస్కి తాలూకా బాళగనూరు చుట్టుపక్కల పొలాల్లో పని చేస్తాను. తుంగభద్ర ఎడమ కాలువ కింద సాగు మొదలయ్యాక ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్న తెలుగు రైతుల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. మా రైతుదీ అలాంటి క్యాంపే. వాళ్ల వరి, ఇక్కడి నల్లరేగడి, ఈ రెండే నా జీవితం.

ఇప్పుడు నన్ను అమ్మకానికి పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లంతా ముందు మీటరులోకి తొంగి చూస్తున్నారు.

నిన్న వచ్చిన కుర్రాడు మాత్రం నన్ను ఒక చుట్టు చుట్టి అన్నాడు: "బాబాయ్ గారూ, గంటలు తక్కువే ఉన్నాయి గానీ, క్లచ్ పెడల్ చూస్తే అలా లేదండీ."

"ఆ మీటరు నమ్మకు నాయనా, దాని సొంత మీటరు కాదది" అన్నాడు మా రైతు.

నిజమే. మా రైతు చేతికి రాకముందే, నీళ్లు నిలిపి వరి మడిని బురద చేసే దమ్ములో కేబుల్ తెగి నా మీటరు చాలాకాలం కదల్లేదు. నన్ను మా రైతుకు అమ్మే వేళకు ఒక బ్రోకరు వేరే బండి మీటరు తెచ్చి బిగించాడు. అసలు మీటరే ఉన్నా అది చెప్పేది సగమే. మా కాలపు మీటరు ఇంజను తిరిగిన చుట్లనే గంటలుగా మార్చి చూపిస్తుంది. తారు రోడ్డు మీద ఖాళీ ట్రక్కు లాగిన గంటా, రేగడి బురదలో రోటావేటరుతో గింజుకున్న గంటా దాని లెక్కకు ఒకటే. నా బేరింగులకు ఒకటి కాదు.

నా వయసు తెలియాలంటే అరుగుదల చూడాలి. క్లచ్, బ్రేక్ పెడళ్ల మీది గీతలు చెరిగిపోయాయా? ట్రక్కు తగిలించే హుక్కులో పిన్ను దూరే రంధ్రం గుండ్రంగా ఉందా, కోలగా సాగిందా? కింది లింకుల చివరి గుండ్లు ఎంత వదులుగా ఊగుతున్నాయి? వీటిని మార్చి కొత్తవి వేయవచ్చు, నిజమే. కానీ అన్నీ ఒకేసారి కొత్తవైతే ఎందుకు మార్చారని అడగాలి. కొత్త రంగుకైతే నేను అసలు విలువ ఇవ్వను. రంగు కింద వెల్డింగ్ అతుకు ఉందేమోనని వేలితో తడిమి చూసేవాడే నా దృష్టిలో కొనడం తెలిసినవాడు.

వరి ప్రాంతపు బండికి అసలు పరీక్ష దమ్ము. ఇనుప దమ్ము చక్రాలు తగిలిస్తే బరువంతా వెనక యాక్సిళ్ల మీద పడుతుంది. నీళ్లు, బురద ఆయిల్ సీళ్లను కోస్తాయి, ముందు చక్రాల బేరింగుల్లోకి చేరతాయి. డ్రై బ్రేకులున్న పాత బండ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. డిస్కులు నూనెలోనే మునిగి ఉండే బ్రేకులు బురదను బాగా తట్టుకుంటాయి. అందుకే చక్రాల లోపలి వైపు కూర్చుని చూడండి, నూనె తడి ఉంటే సీలు పోయినట్టే. రాత్రంతా కదలకుండా నిలబడిన బండికి గేరుపెట్టె కింది బోల్టు కొంచెం వదులు చేయిస్తే, లోపల చేరిన నీళ్లు నూనెకంటే ముందు బయటికొస్తాయి. నూనె పాలరంగులో ఉన్నా అర్థం అదే. ఈ ఒక్క పరీక్ష మాత్రం వదలకండి.

ఇంజను దగ్గరికి వస్తే, ముందు దాని మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లని ఇంజనే నిజం చెబుతుంది. సెల్ఫు కొట్టగానే కాస్త తెల్లపొగ రావడం మామూలే. వేడెక్కాక కూడా నీలంగా వస్తుంటే ఇంజనాయిలు కాలుతోంది, రింగులో లైనర్లో అరిగాయి. బరువు పడ్డప్పుడు నల్లగా వస్తే ఎయిర్‌క్లీనరు, నాజిళ్లు, పంపు చూపించుకోవాలి. ఇంజను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ బుసబుసా తోసుకొస్తోందా? అయితే ఇంజను పని ఖర్చు బేరంలో తీసేయండి. తర్వాత రోటావేటరును పైకి లేపి ఇంజను ఆపి, కాసేపు మాట్లాడుకోండి. అది చూస్తుండగానే నేల మీదికి దిగిపోతే లిఫ్టులో లోపం ఉన్నట్టే. దాని కిందికి మాత్రం ఎవరూ వెళ్లకండి.

మా రైతు కొడుకుది బెంగళూరులో ఉద్యోగం. చాలా కిలోమీటర్లు తిరిగిన పాత స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ మీద మనసుపడి తండ్రికి ఫోన్ చేశాడు. నా పక్కనే నిలబడి ఆయన చెప్పింది విన్నాను: "ఎంత తిరిగిందని కాదురా, ఎలా తిరిగిందో అడుగు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమను." సరైన మాట. ఆ 1.8 టర్బో ఇంజనులో నడుస్తుండగా బెల్టు తెగితే వాల్వులకు పిస్టన్లు తగిలి పైభాగమంతా పాడవుతుంది. ప్రతి సర్వీసుకూ బిల్లు ఉన్న లక్ష కిలోమీటర్ల కారు, కాగితం ముక్క లేకుండా అందులో సగమే తిరిగిన కారు కన్నా మేలు. ట్రాక్టరుకూ అంతే.

కాగితాల దగ్గర నాకు బెంగ. ఆంధ్ర నంబరు బండిని ఇక్కడికి తెచ్చి ఆర్‌సీ ఒక్కటే చేతిలో పెట్టి వెళ్లేవాళ్లున్నారు. బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి పాత ఆర్టీవో ఎన్‌ఓసీ కావాలి. ఆర్‌సీలో బ్యాంకు అప్పు నమోదై ఉంటే ఫారం 35 మీద బ్యాంకు సంతకం చేయాలి. ఛాసిస్ నంబరును ఆర్‌సీతో అంకె అంకె పోల్చుకోవాలి. అమ్మేవాళ్లకూ ఒక మాట. పేరు మారకముందు ప్రమాదం జరిగితే రికార్డులో ఉన్న యజమానిదే బాధ్యతని 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బండి ఇచ్చేశాం కదా, మాకేం సంబంధమంటే చెల్లదు.

ఇక్కడ పాత బండ్ల ధర తుంగభద్ర డ్యామ్ నీటిమట్టంతోపాటు ఊగుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆయకట్టంతా ఊపిరి బిగబట్టింది. రెండో పంటకు నీళ్లు రావని తెలిస్తే అప్పు కిస్తీల కోసం మంచి బండ్లు కూడా అమ్మకానికి వస్తాయి. అప్పుడు కొనేవాళ్లు అమ్మేవాడి అవసరాన్ని పిండుకోవద్దు. బండిలో ఉన్న లోపానికే ధర తగ్గించమనండి.

నన్ను కొనాలనుకుంటే మీ మెకానిక్కును వెంటబెట్టుకుని తెల్లవారుజామున రండి. మా రైతు ఇచ్చే బిల్లుల కవరు ముందు చదవండి. ఫారం 29, 30 మీద కావలసిన సంతకాలన్నీ పడి, ఆర్‌సీలో పేరు మారేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.