రేడియేటరు చీటీకి టీకా తాత్పర్యము

మూలము

“సార్, బండి వేడెక్కుతోంది. రేడియేటరు జామైంది, కడిగినా లాభం లేదు, కొత్తది వెయ్యాలి. పనిలో పనిగా హోసులు, క్లిప్పులు, వాల్వు, క్యాపు, ఫ్యాను బెల్టు కూడా మార్చేద్దాం. వాటర్ బాడీ చూసి చెప్తా. నీళ్లు పొయ్యొద్దు, కూలెంటే పొయ్యాలి.”

అవతారిక

1984వ సంవత్సరమున మారుతీ వ్యాను అను పేర అవతరించి, 1988లో ఓమ్ని యను నామాంతరమును దాల్చి, 2019లో నిర్మాణము నిలిచిపోవువరకును పెండ్లివారిని, పాలక్యానులను, బడిపిల్లలను, ఎన్నికల మైకులను తరతమభేదము పాటింపక మోసిన వాహనజాతిలో నొకదానికి వార్ధక్యమున రేడియేటరు చెడగా, విజయవాడ ఆటోనగరులోని యొక మెకానిక్కు అగ్గిపెట్టెల యట్టముక్కపై బాల్‌పెన్నుతో వ్రాసి యజమానుని చేతబెట్టిన చీటీయే యీ మూలగ్రంథము. కర్త తన నామమును చెప్పుకొనలేదు; గ్రీజు నిండిన బొటనవ్రేలి గుర్తొక్కటియే గద్యస్థానమున నున్నది. యజమానుడు మొదటి రెండు వాక్యములను చదివి విచారించి, మూడవ వాక్యమును చదివి, ఇది బిల్లును పెంచుటకై చేసిన ప్రక్షిప్తమని శంకించెను. ఆ శంకను తీర్చుటయే యీ వ్యాఖ్యకు ప్రయోజనము. మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని పలుకననియు ప్రతిజ్ఞ పట్టిన కోలాచల మల్లినాథసూరి మన మెదకుసీమవాడే గనుక ఆ నియమమును నేనును పాటింపవలెనని యున్నది గాని, ఓమ్ని క్రింద దూఱి చూచినవానికి అది యెంతవఱకు సాధ్యమో చెప్పజాలను.

ప్రతిపదార్థము

సార్ = ఓ యజమానుడా (బిల్లు చెల్లింపబోవువాడా యని ధ్వని); బండి = ఈ మారుతీ వ్యాను; వేడెక్కుతోంది = ఉష్ణసూచికయందలి ముల్లు ఎఱ్ఱగీతను తాకుచున్నది; జామైంది = లోపలి గొట్టములు పూడినవి; వాల్వు = థర్మోస్టాటు; క్యాపు = రేడియేటరు మూత; వాటర్ బాడీ = నీటిపంపు. జలమే శరీరముగా గలదని యిచ్చట బహువ్రీహి చెప్పరాదు. పంపు చెడినపుడు కారి నేలపై నిలుచు నీటిమడుగును జూచి యట్లు భ్రమపడిన వారు గలరు.

టీక

“బండి వేడెక్కుతోంది”: పెట్రోలు మండగా పుట్టిన వేడిమిలో చక్రములను త్రిప్పుటకు వినియోగపడునది స్వల్పభాగమే. రమారమి మూడవవంతు పొగగొట్టము వెంట పోవును. దాదాపు అంతయే ఇంజను చుట్టును తిరుగు నీటిని చేరును. ఆ నీరు రేడియేటరునకు బోయి, సన్నని గొట్టములలో పాఱి, వాటి నంటియున్న రేకులమీదుగా వీచు గాలికి తన వేడిమిని అప్పగించి తిరిగి రావలయును. 1886 నాటి బెంజిగారి మోటారుబండికి రేడియేటరే లేదు. నీరు మరిగి యావిరియైపోవుచుండ మరల పోసికొనుచుండెడివారు. 1901 ప్రాంతమున మేబాకుగారు మెర్సిడెస్ బండికి 8,070 చిన్నగొట్టములు కూర్చి తేనెపట్టు రేడియేటరును నిర్మించినపిమ్మట గాని యీ దాహము తీఱలేదు. మన ఓమ్నికి 796 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను ముందుసీట్ల క్రిందనే యుండును. రేడియేటరు బండి ముఖభాగమున నుండును. కావున ముల్లు చెప్పకమున్నే డ్రైవరు కూర్చున్న చోటు చెప్పును.

“జామైంది, కడిగినా లాభం లేదు”: ఏండ్లతరబడి బోరునీరు పోసిన రేడియేటరులో సున్నము పేరుకొని గొట్టములను పూడ్చివేయును. ఇంజను ఆపి, కొంత చల్లారినపిమ్మట అరచేతిని రేకులపై మెల్లగా జరిపి చూచినచో, ఒక పట్టున వెచ్చగాను, ఆ ప్రక్కనే చల్లగాను తగులును. ఆ చల్లనిచోట నీరు పాఱుట లేదన్నమాట. పూర్వము రాగి ఇత్తడి రేడియేటర్ల కాలమున, టంకము విప్పి తొట్టిని తీసి, గొట్టములలో సన్నని కమ్మిని దూర్చి సున్నమును గీకి, మరల టంకము పెట్టు నిపుణులుండెడివారు. అల్యూమినియము గొట్టములకు ప్లాస్టికు తొట్టిని నొక్కి బిగించిన యిప్పటి వానికి ఆ చికిత్స పొసగదు. “లాభం లేదు” అనుట నిర్దయ గాదు, నిదానము.

ఇక పసుపు వాదమును ఖండింపవలయును. కారుచున్న రేడియేటరులో చారెడు పసుపు పోసినచో కన్నము పూడునని మన రహదారులమీద ప్రసిద్ధి. పూడుట నిజమే. కాని పసుపునకు కన్నమేదో గొట్టమేదో తెలియదు. కాఱుచోటును పూడ్చునట్టిదే పాఱుచోటును పూడ్చును. నడుమదారిలో నిలిచినవాడు ఇల్లు చేరుటకు దీనిని క్షమింపవచ్చును గాని, ఇల్లు చేరినపిదప మఱచిపోవువానిని క్షమింపరాదు. మన చీటీకర్త విప్పిన పాత రేడియేటరునుండి వెడలిన ద్రవము పచ్చగా నుండెననియు, అది కూలెంటు రంగు గాదనియు వినికిడి.

“పనిలో పనిగా”: వ్యాఖ్యేయమంతయు నిందే యున్నది, యజమానుని శంకయు నిచ్చటనే. చెడినది రేడియేటరు గదా, తక్కినవానిని మార్చుట యేల యని పూర్వపక్షము. సమాధానము: పూడిన రేడియేటరు గల బండిలో హోసులును మూతయు వాల్వును కూడ నన్నేండ్లు అదే వేడిమిని, అదే సున్నమును అనుభవించినవే. పాత హోసును క్లిప్పు దగ్గఱ రెండు వ్రేళ్లతో నొక్కి చూడుడు: గట్టిపడి కరకర మనినను, మెత్తబడి ఉబ్బినను, పైపొరయందు సన్నని పగుళ్లు విచ్చుకొన్నను దానికాలము తీఱినదే. అట్టిదానిని క్రొత్త రేడియేటరు మూతికి తొడిగి బిగించుట, పగులుటకు స్థలమును మనమే నిర్దేశించుట. మఱియు ఊడదీయునపుడు హోసు పట్టుకొనిపోయినచో స్క్రూడ్రైవరుతో పెకలింపరాదు; మూతి విఱుగును. చాకుతో నిలువున చీల్చవలయును. ఎట్లును పాఱవేయదగినదే గదా.

వాల్వు విషయమున మతభేదము గలదు. ఇత్తడి గుల్లలో మైనమును దాచుకొన్న యీ చిన్నయంత్రము, నీరు సుమారు 82 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిని చేరువఱకు రేడియేటరునకు దారి నీయక ఇంజనును త్వరగా వెచ్చబఱచి, పిదప మైనము కరగి ఉబ్బగా ద్వారమును తెఱచును. మన యెండలకు ఇది యేల, తీసివేసిన నీరు ఎల్లవేళల చల్లగా పాఱును గదా యని చెప్పువారు గలరు. వారు విప్పిన వాల్వులు షెడ్డు కిటికీలో వరుసగా నుండును. ఈ మతము అనాదరణీయము. ఇంజను తగినంత వెచ్చబడక తిరిగినచో పెట్రోలు అధికముగా త్రాగును, నూనెయందు మడ్డి చేరును, సిలిండర్లు త్వరగా అరుగును. మూసికొని బిగిసిపోయిన వాల్వు మఱింత ప్రమాదకారియే. అందులకు ఔషధము క్రొత్తవాల్వే గాని శూన్యము గాదు.

“క్యాపు”: గ్రీజు మరకచేత ఈ పదము ‘కప్పు’ అని కొందఱకు తోచును, టీ కప్పని అన్వయించినను ఆటోనగరులో అసంగతము గాదు గాని, కర్త అభిప్రాయము మూతయే. అన్నిటికంటె చౌక యైనదియు, అన్నిటికంటె ఉపేక్షింపబడునదియు నిదియే. చదరపు సెంటీమీటరునకు 0.9 కిలోల ఒత్తిడిని మూత నిలిపియుంచినచో నీరు 100 డిగ్రీలకు గాక రమారమి 118 డిగ్రీలకు మరుగును. దీనిలోనే రెండవ వాల్వొకటి యుండి, ఇంజను చల్లారునపుడు ప్రక్కడబ్బాలోనికి పొంగిపోయిన ద్రవమును వెనుకకు పీల్చుకొనును. అది పనిచేయనిచో మఱునాటి ఉదయమున హోసు చప్పిడియై కనబడును. వేడిగా నున్నపుడు మూతను తెఱచితిమా, ఒత్తిడి తొలగిన క్షణముననే లోని నీరంతయు మరిగి ముఖముపైకి లేచును. చల్లారునంతవఱకు ఆ టీ కప్పు అన్వయమునే ఆచరించుట మేలు.

“వాటర్ బాడీ చూసి చెప్తా”: ఇందు కర్తయొక్క నిజాయితీ వ్యక్తమగుచున్నది. తక్కినవానిని మార్చుదమనెను, దీనిని మాత్రము చూచెదననెను. పంపు క్రింద చిన్నరంధ్ర ముండును. లోని సీలు అరిగినచో అచ్చటనుండి చుక్కలు కాఱి ఎండి చారకట్టును. బెల్టు విప్పి కప్పీని చేతితో కదిపినపుడు అటునిటు ఊగినచో బేరింగు పోయినట్లే. చారయు లేక, ఊగుటయు లేనిచో దాని నంటరాదు. పేరునకు ఫ్యాను బెల్టైనను పంపును త్రిప్పు ఆ బెల్టు ఎట్లును విప్పబడినది గనుక దానిని గూర్చి చర్చ యనావశ్యకము.

“కూలెంటే పొయ్యాలి”: త్రుప్పువారకములతో కూడిన ఇథిలీను గ్లైకాలును స్వేదనజలమును సాధారణముగా సమపాళ్లలో కలిపిన ద్రవము కూలెంటు. మరుగుస్థానమును పెంచుటకంటెను, త్రుప్పును సున్నమును వారించుటయే మన దేశమున దీనికి ముఖ్యప్రయోజనము. పోయునపుడు పోయుమూతి అన్నిటికంటె ఎత్తున నుండునట్లు బండిని వాలుగా నిలిపి, మూత తీసియుంచి, మెల్లమెల్లగా పోసి, ఇంజనును నడిపించి, గాలిబుడగలు ఆగువఱకును, పై హోసు వేడెక్కువఱకును, ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగువఱకును అచ్చటనే నిలువవలయును. లోపల గాలి చిక్కెనా, అన్నియు క్రొత్తవైనను ముల్లు మరల ఎఱ్ఱగీతకే చేరును. ఆ స్థితిలో బండిని ఇంకను తోలినచో అల్యూమినియపు సిలిండరు హెడ్డు వంగి, గ్యాస్కెట్టు పోయి, ఇంజను నూనె పాలు కలిపిన కాఫీ రంగునకు వచ్చును. అప్పటి చీటీకి వ్యాఖ్య వ్రాయు ధైర్యము నాకు లేదు.

తాత్పర్యము

ఓ యజమానుడా, నీ బండి రేడియేటరు పూడిపోయినది. క్రొత్తదానిని వేయుట కెట్లును ద్రవము పాఱబోసి అన్నియు విప్పవలయును. ఒక్క కూలితో తక్కినవానిని మార్చుకొందువా, లేక ఒక్కొక్క హోసునకు ఒక్కొక్కసారి దారిలో ఆగి, మరల కూలెంటు కొని, మరల కూలి యిచ్చెదవా యని భావము.

విశేషములు

అలంకారము స్వభావోక్తి. సార్ అను సంబోధన ఒక్కతూరి మాత్రమే వాడబడినందున బిల్లు న్యాయముగానే యుండునని ఊహ. మూలమున లేకున్నను ఒకమాట చెప్పక తప్పదు: కూలెంటు తియ్యగా నుండును, త్రాగిన ప్రాణికి విషము. విప్పిన పాతద్రవమును షెడ్డు ముందటి కాలువలోనికి వదలక మూతగల డబ్బాలో పట్టించి, వీధికుక్కలకును పిల్లలకును అందనిచోట నుంచవలసినదిగా మెకానిక్కులకును యజమానులకును మనవి.