కమాండ్ లైన్ కరణం

మా తాతగారు కరణం. ఊళ్ళో ఏ పొలం ఎవరి పేరు మీదుందో, దాన్ని ఎవరు దున్నుతున్నారో, పంట ఎవరింటికి చేరుతోందో ఆయనకు తెలుసు. ఈ ముగ్గురూ ఒక్కరే కానక్కర్లేదన్న రహస్యం కూడా తెలుసు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసినప్పుడు, ఆయన దస్తరాలను రేకుపెట్టెలో పెట్టి తాళం వేసి, మన వంశంలో ఇక ఈ లెక్కలు రాసేవాడు పుట్టడన్నారట. ఆ మాట నలభై ఒక్క ఏళ్ళు నిలబడింది. 2025 ఆగస్టులో తప్పింది.

నేను ప్రోగ్రామర్ని. మెడలో వేలాడే కార్డు మీద ఇంకా అలాగే ఉంది. ఇరవై ఏళ్ళు కోడు రాసి బతికాను. ఇప్పుడు కోడు రాసేది యంత్రం. ఆ యంత్రం ఏ పూట ఎవరి పేరు మీద పని చేస్తోందో ఆ లెక్క రాసేది నేను. నా టెర్మినల్లో ఆరు ఖాతాలున్నాయి. ఆఫీసుది, నాది, మా ఆవిడది, డాలస్‌లో ఉన్న బావమరిదిది, ఎప్పుడో ట్రయల్ కోసం పుట్టించి పాస్‌వర్డ్ మర్చిపోయిన ఒక అనామకుడిది, ఆఖరున తెనాలిలో ఉన్న మా అమ్మది. డెబ్భై రెండేళ్ళ మా అమ్మ ఈ నెలలో జావాలో మూడు బగ్గులు సరిచేసింది, ఒక డేటాబేస్‌ని పాత సర్వరు నుంచి కొత్త సర్వరుకు మార్చింది. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

ఇందులో వింతేముంది? రెండో గ్యాసు బండ అమ్మమ్మ పేరు మీద, ప్లాటు బావగారి పేరు మీద, సిమ్ము తమ్ముడి పేరు మీద తీసుకున్న జాతి మనది. యంత్రమేధ అనగానే మాత్రం ఎవరి మేధ వాళ్ళు వాడుకుంటారా?

కోడు రాసే ఈ యంత్రాల చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 2025 ఫిబ్రవరిలో ఆంత్రోపిక్ వాళ్ళు క్లాడ్ కోడ్ తెచ్చారు. ఏప్రిల్‌లో ఓపెన్ఏఐ వాళ్ళ కోడెక్స్ సీఎల్ఐ వచ్చింది. జూన్‌లో గూగుల్ వాళ్ళ జెమినీ సీఎల్ఐ దిగింది. అన్నీ నల్లటి టెర్మినల్లో పనిచేసేవే. మౌసు పట్టుకుని ముప్పై ఏళ్ళు ముందుకు నడిచిన మానవుడు మళ్ళీ వెనక్కి వచ్చి కమాండ్ లైన్ ముందు కూర్చున్నాడు. గూగుల్ అయితే మామూలు ఖాతాతో నిమిషానికి 60, రోజుకు 1,000 అభ్యర్థనలు ఉచితమని ప్రకటించింది. ఉచితం అన్న మాట వినపడగానే మనవాడు అడిగే మొదటి ప్రశ్న ఇది ఏం చేస్తుందని కాదు, ఇంటికెన్ని ఇస్తారని.

డబ్బు పుచ్చుకునే ప్లాన్లలో 20 డాలర్లది, 100 డాలర్లది, 200 డాలర్లది ఉన్నాయి. ఎంత కట్టినా కొలత కొలతే. క్లాడ్‌లో మొదటి సందేశం పంపిన క్షణం నుంచి అయిదు గంటల గడియారం మొదలవుతుంది. ఆ లోపల మీ వాటా అయిపోతే, గడియారం తిరిగేదాకా గోళ్ళు కొరుక్కోవాలి. మన పెద్దలు కనిపెట్టిన రాహుకాలం గంటన్నరే. పైగా అది ఎప్పుడొస్తుందో క్యాలెండర్లో అచ్చు వేసి వంటింటి గోడకు తగిలిస్తారు.

దీనికీ ఒక శాంతి ఉంది. మా టీములో కుర్రాడొకడు చెప్పాడు. "అన్నా, పొద్దున్న తొమ్మిదికి పని మొదలుపెట్టి అప్పుడు హాయ్ అంటావేంటి? క్రాన్‌లో పెట్టు. తెల్లారి అయిదింటికి అదే హాయ్ చెప్తుంది. పదింటికల్లా కొత్త గడియారం వచ్చేస్తుంది. తొమ్మిది నుంచి పదిదాకా పాత వాటా, పది తర్వాత కొత్త వాటా." అప్పటి నుంచి మా ఇంట్లో బ్రహ్మముహూర్తాన ఆరు ఖాతాలు వరసగా లేచి ఆరు సర్వర్లకు హాయ్ చెబుతున్నాయి. నేను మాత్రం ఎనిమిదింటికి లేస్తాను. మా అమ్మకు తెల్లవారుజామున లేచే అలవాటు ఎలాగూ ఉంది కనుక, ఆవిడ ఖాతా వరకు అబద్ధమేమీ లేదు.

అంతలో ఆగస్టు 28 నుంచి వారపు పరిమితి కూడా వచ్చి పడింది. రోజువారీ రాహుకాలానికి తోడు ఏలినాటి శని అన్నమాట. అది ప్రకటిస్తూ ఆంత్రోపిక్ చెప్పిన కారణాల్లో, కొందరు పగలూ రాత్రీ ఆపకుండా నడపడంతో పాటు, ఖాతాలు పంచుకోవడం, తిరిగి అమ్ముకోవడం కూడా ఉన్నాయి. ఓపెన్ఏఐ షరతుల్లోనూ రేటు లిమిట్లను తప్పించుకునే పనులు చేయొద్దని రాసి ఉంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు నేను బావమరిది వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. వీడియో కాల్ కనుక ఇద్దరం ఎవరి స్క్రీను వైపు వాళ్ళం చూసుకున్నామనాలి. తరవాత ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

ఖాతాలు మార్చడం మొదట్లో మూడు వరసల పని. ఈ పనిముట్లు తమ సామాను ఇంటి ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే సంచిలో దాచుకుంటాయి. చుక్కతో మొదలయ్యే పేరు మామూలుగా చూస్తే కనపడదు. యూనిక్స్ తొలినాళ్ళలో ఒక చుక్కనీ, రెండు చుక్కలనీ జాబితాలోంచి తప్పించడానికి చేసిన అడ్డదారి వల్ల, ముందు చుక్క ఉన్న పేర్లన్నీ మాయమైపోయాయని యూనిక్స్ ఇంజనీరు రాబ్ పైక్ 2012లో చెప్పాడు. అంటే ప్రపంచంలో కంప్యూటరు తాళంచెవులు సగం, ఎవరో బద్ధకించి వదిలేసిన ఒక చుక్క చాటున ఉన్నాయన్నమాట. ఆ సంచి ఎక్కడుందో చెప్పే వేరియబుల్ ఒకటి ఉంటుంది. కోడెక్స్‌కు కోడెక్స్ హోమ్, క్లాడ్‌కు క్లాడ్ కాన్ఫిగ్ డిర్. ఆ వేరియబుల్‌ని ఒక్కో సంచి వైపు తిప్పి, ఒక్కోదానికి ఒక్కో అలియాస్ పెట్టుకుంటే సరి. బిల్ జాయ్ 1970ల చివర రాసిన సీ షెల్ నాటి నుంచీ ఉన్న సదుపాయమే ఈ అలియాస్. మన పత్రికల్లో అలియాస్ అన్న మాట క్రైమ్ పేజీలో తప్ప కనిపించదు. ఫలానావాడు అలియాస్ ఫలానా, పాత నేరస్థుడు. నా టెర్మినల్లో అమ్మ అని టైపు చేస్తే అమ్మ వస్తుంది, బావ అంటే బావ వస్తాడు. పోలీసులు చూస్తే ముఠా అనుకుంటారు.

న్యాయంగా చెప్పాలంటే, ఒకరికి రెండు ఖాతాలుండటం తప్పేమీ కాదు. ఆఫీసు పని ఆఫీసు ఖాతాలో, సొంత పని సొంత ఖాతాలో చేసుకోవాలన్నది మర్యాదస్తుల పద్ధతి. గిట్‌లో ఫోల్డరును బట్టి పేరు, ఈమెయిలు మారే ఏర్పాటు 2017 నుంచే ఉంది. గిట్‌హబ్ వాళ్ళ కమాండ్ లైన్లో ఖాతా మార్చే ఆజ్ఞ 2023 డిసెంబరులో వచ్చింది. రెండుతో ఆగినవాడు గృహస్థు. నేను ఆగలేదు.

ఆరు ఖాతాలకు మూడు వరసలు చాలవు కదా. ఏ ఖాతాలో వాటా ఎంత మిగిలింది, గడియారం ఎప్పుడు తిరుగుతుంది, వారం ఎప్పుడు తెగుతుంది, ఎవరిది ఖాళీగా ఉంది, అన్నీ ఒకచోట కనపడాలి. స్క్రిప్టు రాయమని యంత్రాన్నే అడిగాను. నాలుగు వందల వరసలు రాసింది, రంగులు వేసింది, మధ్యలో పరీక్షలు కూడా రాసింది. పరిమితి దాటకుండా చూసే ఆ స్క్రిప్టు పూర్తయ్యేసరికి నా వారపు పరిమితిలో సగం అయిపోయింది. కానీ ఏం అందం! ఎడమ వైపు పేరు, పక్కన మిగిలిన శాతం, ఆ పక్కన గడువు, చివర్లో 'ప్రస్తుత సాగు' అని నేను పెట్టిన గడి. అచ్చం తాతగారి అడంగల్. సర్వే నంబర్లు లేవు, అంతే తేడా.

అడంగల్లో జరిగే తప్పులు కూడా జరిగాయి. లాగిన్ అనగానే ఈ పనిముట్లు బ్రౌజరు తెరుస్తాయి. బ్రౌజరుకు తన సొంత అభిప్రాయాలుంటాయి. ఆఖరున ఎవరు మెయిలు చూసుకున్నారో వాళ్ళే లోకమనుకుంటుంది. అలా ఒకసారి అమ్మ సంచిలోకి మా ఆవిడ దూరింది. వారం రోజులు అమ్మ పేరు పెట్టి పిలిస్తే మా ఆవిడ పలికింది. నిజజీవితంలో జరగని విషయం కనుక నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. అవతల మా ఆవిడ తన స్కూలు ప్రశ్నపత్రం తయారు చేసుకుందామని కూర్చుంటే వాటా నిండుకుందని వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగినదానికి కమాండ్ లైన్‌తో సంబంధం లేదు.

ఇంకోసారి ఎన్విరాన్‌మెంట్‌లో పాత ఏపీఐ తాళం ఒకటి మిగిలిపోయింది. అది కనపడితే ఇలాంటి పనిముట్లలో కొన్ని నెలవారీ ప్లానుని పక్కనపెట్టి మీటరు ఆటో ఎక్కేస్తాయి. వాటా ఎంతకీ తరగడం లేదేమిటా అని నేను మూడు రోజులు మురిసిపోయాను. నాలుగో రోజు బిల్లొచ్చింది. ఎంతని అడక్కండి, మా ఆవిడ ఈ కాలమ్ చదువుతుంది.

అసలు ప్రమాదం అది కాదు. మా క్లయింటు ఒక బ్యాంకు. వాళ్ళ రిపాజిటరీని తొందరలో అమ్మ ఖాతాతో తెరిచాను. పని చక్కగా అయింది. కమిట్ అయ్యాక చూసుకుంటే రచయిత నేను, కింద సహరచయితగా క్లాడ్. ఈ వరస అది తనంతట తానే చేర్చుతుంది. ఇక సినిమా టైటిల్స్‌లోలా 'సమర్పణ: అమ్మ' అని ఒక్క కార్డే తక్కువ. నెలాఖరున భద్రతా విభాగం వాళ్ళ ఫారం వచ్చింది. ఈ కోడును సంస్థ బయటి వ్యక్తులెవరైనా చూశారా అని ఒక ప్రశ్న. మా అమ్మ ఇంతవరకూ పోస్టాఫీసు పాస్‌బుక్కు తప్ప ఏ బ్యాంకు కాగితమూ పూర్తిగా చదవలేదు. లేదని టిక్కు పెట్టాను. తాతగారు ఇలాంటి గళ్ళలో ఏం రాసేవారో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

ఈ సామ్రాజ్యానికి గండి కొట్టింది రిజర్వు బ్యాంకు. కార్డు మీద దానంతట అదే కట్ అయ్యే నెలవారీ చెల్లింపులకు 15,000 రూపాయలు గీత. 2022 జూన్‌లో 5,000 నుంచి అంతకు పెంచారు. గీత దాటితే ప్రతి నెలా ఖాతాదారు స్వయంగా ఒప్పుకోవాలి. 200 డాలర్లు రూపాయల్లోకి మారి పన్నుతో కలిసేసరికి గీత దాటి చాలా దూరం వెళ్తాయి. ఓటీపీ తెనాలి పోతుంది.

మొన్న మధ్యాహ్నం పెద్ద రిలీజు మధ్యలో ఉన్నాను. అడంగల్లో అయిదు వరసలు ఎర్రబడ్డాయి, అమ్మ ఒక్కతే మిగిలింది. ఆ రోజే ఆవిడ ప్లాను నెల తిరిగింది. ఫోను మోగింది.

"ఒరేయ్ నాన్నా, ఏదో ఆరంకెల నంబరు వచ్చింది. ఇరవై వేల చిల్లరట. నాకు తెలియకుండా నేనేం కొన్నానురా?"

"అది నాదేనమ్మా. ఆ నంబరు చెప్పు."

"ఎవరికీ చెప్పొద్దని కిందే రాసుందిగా."

"నేను నీ కొడుకునమ్మా!"

"ఎదురింటి పిన్నిగారికి ఫోను చేసినవాడూ అదే మాటన్నాడు. అచ్చం వాళ్ళబ్బాయి గొంతేనట. ఆ కంప్యూటర్లో గొంతులు కూడా చేస్తున్నారటగా?"

"అమ్మా, టైమైపోతోంది."

"వాడూ టైమైపోతోందనే అన్నాడట." కాసేపు ఆలోచించింది. "సరే, నువ్వు మా అబ్బాయివే అయితే, తాతగారి రేకుపెట్టె తాళంచెవి ఎక్కడుందో చెప్పు."

దేవుడి గూట్లో అన్నాను. కాదంది. బీరువాలో పసుపు డబ్బా వెనక అన్నాను. ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం దాకా గత్యంతరం లేక నేనే కోడు రాశాను. రెండు చోట్ల సెమికోలన్ మర్చిపోయాను.