సాగరబాంధవుడికి సన్మాన పత్రం

అయ్యా, సాగరబాంధవా!

విశాఖ బీచ్ రోడ్డుకు రెండు సందుల అవతల, పదడుగుల దుకాణంలో కూర్చుని బంగాళాఖాతాన్ని కాపాడుతున్న తమ రుణం ఈ ఊరు ఏమిచ్చి తీర్చుకోగలదు? అగస్త్యుడు సముద్రాన్ని ఒక్క గుక్కలో తాగేశాడని ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నాం. తాగడానికి ఏముంది, దాహం ఉంటే చాలు. అదే సముద్రాన్ని టీషర్టు మీద అచ్చేసి, 799 రూపాయల చీటీ అతికించి, కొన్నవాడు పుణ్యం చేసుకున్నానని మురిసేలా చెయ్యాలంటే మాత్రం తమంతటివారు పుట్టాలి.

ముందు తమ తాబేలుకు నమస్కారం. కూర్మావతారం వీపున మోసింది ఒక్క మందర పర్వతాన్నే. తమ కూర్మం దుకాణం అద్దె, కరెంటు బిల్లు, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల ఖర్చు అన్నీ కలిపి మోస్తోంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే పాపం బూడిద కలిసిన పచ్చ రంగులో సాదాసీదాగా ఉంటుంది. ఫొటోకు నిలవదు. అందుకని తమరు దాన్ని పక్కనబెట్టి నీలం, నారింజ, గులాబీ రంగుల తాబేలును దింపారు. గుడ్ల కాలంలో ట్రాలర్ వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్లను చూస్తే జనానికి మనసు పాడవుతుంది. తమది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. చేపల గంపతో అటు వచ్చిన ఒక అమ్మ దుకాణం ముందు ఆగి, "ఏటి బాబూ, తాబేలికి రంగులేసీసినారేటి?" అని అడిగిందట. కళ తెలియని మనిషి.

ఆ నవ్వు చెరగకుండా తమరు ఎంచుకున్న రంగు ప్లాస్టిసాల్. పీవీసీ పొడిని మెత్తబరిచే రసాయనంలో కలిపిన ముద్ద అది. సముద్రంలో ప్లాస్టిక్ వెయ్యొద్దనే నినాదాన్ని ప్లాస్టిక్‌తోనే రాయించిన ఈ శ్లేష ఏ అవధానికి తడుతుంది?

ఇక బట్ట సంగతి. ఒక్కో పాలియెస్టర్ చొక్కాలో ఎనిమిది నీళ్ల సీసాలున్నాయని గోడ మీద రాయించారు. ఆ సీసాలు అలల్లోంచి దేవినవి కావు, చెత్త ఏరుకునేవాళ్లు కిలోల లెక్కన అమ్మినవి. ఆ సీసా తిరిగి సీసాగా మారి ఇంకా నాలుగు జన్మలెత్తగలదు. చొక్కా అయ్యాక మళ్లీ సీసా కావడం దాదాపు లేదు. పునర్జన్మల ఈ తిరగలిలోంచి దానికి తమరు మోక్షం ఇప్పించారు. పైగా 'సముద్రానికి వెళ్తున్న ప్లాస్టిక్' అన్న బిరుదు కూడా తగిలించారు. దానికీ శాస్త్రాధారం ఉంది లెండి. పరిశోధకురాలు జెన్నా జాంబెక్ బృందం 2015లో సముద్రంలోకి పోయే ప్లాస్టిక్‌ను లెక్కగట్టినప్పుడు తీరానికి 50 కిలోమీటర్ల లోపు జనాభాను కొలతగా తీసుకుంది. ఆ కొలతను పట్టుకుని, ఆ హద్దులో దిక్కులేకుండా పడున్న ప్లాస్టిక్‌కల్లా వ్యాపారులు ఆ పేరు పెట్టుకున్నారు. ఈ లెక్కన అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఎవరో తాగి పారేసిన సీసా కూడా తిమింగలం గొంతులోకి బయలుదేరినట్టే. తమరు దారిలో అడ్డుపడి పట్టుకున్నారు.

పట్టుకున్నదాన్ని తమ దగ్గరే ఉంచుకునే లోభబుద్ధి తమకు లేదు. 2016లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ వాషింగ్ మిషన్లలో బట్టలుతికి, ఊడిన పోగులను లెక్కబెట్టారు. ఆరు కిలోల పాలియెస్టర్ బట్టలు ఒక్క ఉతుక్కి దాదాపు 4 లక్షల 96 వేల పోగులు విడిచిపెట్టవచ్చని తేల్చారు. ఆక్రిలిక్ అయితే ఏడు లక్షలు దాటింది. సముద్రాల్లోకి చేరే ప్రాథమిక సూక్ష్మ ప్లాస్టిక్‌లో 35 శాతం సింథటిక్ బట్టల ఉతుకు నుంచే వస్తోందని 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ అంచనా వేసింది. సీసా సీసాగా ఉన్నంతకాలం ఒడ్డున కనబడేది, ఎవరో ఒకరు వంగి తీసేవారు. తమరు దాన్ని కంటికి ఆనని నూగుగా మార్చారు. ఇప్పుడా నూగు మురుగు కాలువలో కలిసి, గెడ్డలో పడి, ఎవరి కంటా పడకుండా సముద్రానికి చేరుతుంది. శుద్ధి కేంద్రం దారికి అడ్డొస్తే చాలామటుకు బురదలో చిక్కుతుంది. ఆ బురద పొలాల్లోకి ఎరువుగా వెళ్తే రైతుకూ తమ సేవ అందుతుంది. సముద్రం సొత్తు సముద్రానికే అప్పగించాలన్న తమ నిజాయితీకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

దానగుణం గురించి చెప్పాలంటే ఇంకో పత్రం కావాలి. లాభాల్లో ఒక శాతం సముద్రానికి అని తమరు ప్రకటించారు. ఈ విషయంలో పెటగోనియా కంపెనీ పెట్టిన ఇవాన్ షినార్డ్ తమ కాలిగోటికి చాలడు. 2002లో ఇంకొకరితో కలిసి 'వన్ పర్సెంట్ ఫర్ ది ప్లానెట్' మొదలుపెట్టి, లాభమొచ్చినా నష్టమొచ్చినా అమ్మకాల్లో నూటికి ఒక రూపాయి ఇచ్చి తీరాలన్నాడు. అంతకీ ఆగక 2011లో వాళ్ల కంపెనీ తన జాకెట్ బొమ్మే వేసి, దీన్ని కొనకండి అని న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన ఇచ్చింది. (ఆ తర్వాత వాళ్ల అమ్మకాలు పెరిగాయి. అది వేరే కథ.) తమరు వివేకులు కనుక 'లాభాల్లో' అన్నారు. లాభం ఇంకా రాలేదట. వచ్చేదాకా ఆగమని సముద్రానికి చెప్పారట. అది ఎక్కడికి పోతుంది, అలా ఒడ్డుకు వస్తూ పోతూనే ఉంటుంది కదా.

తీరశుద్ధి రోజున చూడాలి తమ వైభవం! అరవై మందికి అరవై కొత్త టీషర్టులు, ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ కవర్లో. తలా ఒక నీళ్ల సీసా. వెనకాల పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద తమ చిరునవ్వు. 2022 ఆగస్టు 26న ఇదే తీరంలో వేలమంది చేరి చెత్త ఏరారు. పార్లే ఫర్ ది ఓషన్స్ సంస్థతో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం కుదుర్చుకుంది, ప్లాస్టిక్ ఫ్లెక్సీలకు నిషేధం అని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆ నిషేధం ఏమైందని కొందరు ఆరాలు తీస్తున్నారు. ఎక్కడికీ పోలేదు, తమ ఫ్లెక్సీ నీడన చల్లగా ఉంది.

తమ కీర్తి చూసి ఓర్వలేని వాళ్లు ఏవేవో సలహాలిచ్చారని విన్నాం. ఆర్డరు వచ్చాకే కుట్టమన్నారట, మిగిలిపోయిన సరుకు ఉండదని. తమ దగ్గర కొన్న చొక్కా చిరిగితే ఉచితంగా కుట్టివ్వమన్నారట. చన్నీళ్లలో, మిషన్ నిండుగా వేసి, తక్కువ సేపు ఉతికితే పోగులు తక్కువ ఊడతాయని లేబుల్ మీద రాయమన్నారట. లేబుల్ మీద లోగోకే చోటు చాలకపోతే ఈ పురాణం ఎక్కడ పడుతుంది? మొదట పాలియెస్టరే మానెయ్యమన్నవాడు మరీ దుర్మార్గుడు. పత్తికి మాత్రం పాపాలు లేవా? నీళ్లు తాగుతుంది, పురుగుమందులు మింగుతుంది. కాకపోతే దాని పోగు నీళ్లలో పడితే కొన్నాళ్లకు కుళ్లి పోతుంది. నిలకడ లేని పోగు. తమ పోగు మనవల కాలానికి కూడా చెక్కుచెదరదు.

సముద్రద్రోహులను కూడా ఈ పత్రంలో పేర్కొనకపోతే న్యాయం కాదు. మొదటివాడు తమ దుకాణానికి ఎదురుగానే గొడుగు కింద కుట్టుమిషన్ వేసుకున్న ఆల్టరేషన్ తాత. సముద్రం గురించి ఒక్క మాట మాట్లాడడు, గోడ మీద ఒక్క చేప బొమ్మ లేదు. చినిగిన జేబు కుట్టి, మోకాలి దగ్గర రఫ్ఫు చేసి, ముప్పై రూపాయలు పుచ్చుకుని, పడెయ్యాల్సిన ప్యాంటుకు ఇంకో రెండేళ్లు ఆయుష్షు పోస్తాడు. ఇలా ఎన్ని కొత్త అమ్మకాల గొంతు నులిమాడో! రెండోవాళ్లు పొందూరు ఖద్దరు వాళ్లు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. చేపను దువ్వెన చేసుకున్నవాళ్లకు జలచరాల మీద ప్రేమ ఉందంటే ఎవరు నమ్ముతారు? వాళ్ల బట్టను వందసార్లు ఉతికినా గెడ్డలోకి ఒక్క ప్లాస్టిక్ పోగు రాలదు. పిసినారులు.

కాబట్టి, సాగరబాంధవా, వచ్చే ఆదివారం సాయంత్రం తమకు సన్మానం తలపెట్టాం. దండ ప్లాస్టిక్‌ది, వాడదు. జ్ఞాపిక ఆక్రిలిక్‌ది, పగలదు. శాలువా పాలియెస్టర్‌ది, పక్కా జరీ అంచు. మన సభల్లో కప్పిన శాలువాను ఇంతవరకూ ఎవరూ కప్పుకుని తిరగలేదు, ఉతకలేదు, బీరువాలోనే ఉంచారు. కనుక దాని నూగు ఒక్క నలుసైనా సముద్రంలో కలవలేదు. తమ దుకాణంలోని సరుకంతా అదే పద్ధతిలో తమ బీరువాలోనే ఉండిపోవాలని కోరుకుంటూ, తమ అభిమానులం.