యూరియా సూత్రమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: ఖమ్మం మిరపచేలు వెనుకబడి భద్రాచలం అడవి మొదలగు చోట, ఒక కాలేజీ ల్యాబు గోడపై ఈ సూత్రము వెలసినది. కర్త లెక్చరరా, అటెండరా అన్నది తేలలేదు. దస్తూరి అర్థమగుచున్నది గనుక అటెండరేయని పెద్దల మతము.

మూలము: గదివేడి నీరు నూరు మిల్లీలీటర్లు గ్లాసున బోసి, ఆరు గ్రాముల యూరియా వేసి, మూతబెట్టి కలుపుచు, డిగ్రీలు చూడుము.

ప్రతిపదార్థము:

గదివేడి నీరు = గదిలో చాలసేపుంచగా గదితో సమానమైన నీరు. మే నెలలో ఇచట 40 డిగ్రీలు దాటుట కద్దు. చల్లని కుండనీరు పోసినచో, యూరియా పడకమునుపే గది దానిని వేడెక్కించును.

గ్లాసున = ఒకదానిలో నొకటి దూర్చిన రెండు పేపరు టీ గ్లాసులయందు. నడుమ చిక్కిన గాలి వేడిని అంత తేలికగా రానీయదు, పోనీయదు. గోదావరి కీవల సారపాకలో 1979 నాటి పేపర్ బోర్డు మిల్లుండగా కలోరిమీటరునకై పట్నమేగుటేల?

ఆరు గ్రాముల = మోలులో పదోవంతు.

యూరియా = ల్యాబు సీసాలోనిది. 45 కిలోల బస్తాలోనిది వేపనూనె పూత గలది. వాసన ఘనము, శుద్ధి స్వల్పము.

మూతబెట్టి = రెండు కన్నముల అట్టముక్కతో. ఒకటి థర్మామీటరునకు, రెండవది గాజుకడ్డీకి.

చూడుము = ఒక్కమారు చూచి ఊరకుండుట కాదు; అరనిమిషమున కొకమారు చూచి రాయుమని భావము.

శంక: యూరియా కరిగిన నీరు చల్లబడుటేల? మందు కలుపు రైతు చేతికిని ఇదే తగులునే!

సమాధానము: పలుకులోని అణువులను విడదీయుటకు వేడి కావలెను. అవి నీటితో జతగట్టినపుడు కొంత వేడి పుట్టును గాని, అది చాలదు. లోటును నీరే భరించును. మోలుకు సుమారు 15 కిలోజౌళ్లు గనుక ఆరు గ్రాములకు 1500 జౌళ్లు. 106 గ్రాముల ద్రావణమున 3.4 డిగ్రీల తగ్గుదల. కాస్టిక్ సోడాది ఎదురు స్వభావము: మోలుకు 44 కిలోజౌళ్లకు పైగా బయటికి కక్కును.

శంక: మాకు 2.8 డిగ్రీలే వచ్చినది. మిగిలిన దేమైనది?

సమాధానము: గది పూడ్చినది. నీరు చల్లబడిన మరుక్షణమునుండి చుట్టునున్న వేడి లోనికి చొరబడుచునే యుండును. అందుకే అరనిమిషపు రీడింగులు. వాటితో గ్రాఫు గీసి, గీతను యూరియా వేసిన క్షణమువరకు వెనుకకు లాగినచో పోయిన డిగ్రీలు చాలవరకు దొరకును. "రికార్డులో 3.4 అని రాయుడు" అను పాఠాంతరము సీనియర్ల ప్రక్షిప్తము.

విశేషము: 1782-83 చలికాలమున పారిస్‌లో లవోయిజర్, లాప్లాసులు మంచు కరగి కారిన నీటిని తూచి వేడిని లెక్కగట్టిరి. ఆ పద్ధతి భద్రాచలమున చెల్లదు. ప్రయోగము మొదలుకాకమునుపే మంచు తీర్థమగును.

తాత్పర్యము: యూరియా ఎంత వేడి పుచ్చుకొన్నదని అడుగుటకు ముందు, గది ఎంత ఇచ్చినదని అడుగవలెను. కలోరిమీటరు గొప్ప కొలుచుటలో కన్న అడ్డుకొనుటలోనే యున్నది.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారికి వైవాలో "ప్లస్సా, మైనస్సా?" అను బాధ తొలగును. వేడి పుచ్చుకొనునది గనుక యూరియాకు ప్లస్సే. థర్మామీటరు పగులగొట్టినవారికి ఫలము లేదు, ఫైను కలదు.