గేటు సూక్తికి టీకా తాత్పర్యం

అవతారిక: రాయ్‌పూర్‌ను ఆనుకొని, ఉర్లా కార్ఖానాల పొగనీడన బీర్‌గావ్ అను పురము కలదు. అందొక ఇనుప గేటుపై, తుప్పు తినగా మిగిలిన రేకుమీద, అజ్ఞాతకవి ఎర్రరంగుతో వెలయించిన ఏకపాద కావ్యమిది.

మూలం: కుత్తోం సే సావధాన్

టీక: కుత్తోం = కుక్కలు. ఇంట ఉన్నది ఒక్కటే, అదీ గేటు బయటే పడుకొనును. కావున గౌరవార్థమున బహువచనము.

సే = చిక్కంతా ఇక్కడే. హిందీలో తృతీయకూ పంచమికీ ఇదొక్కటే ప్రత్యయం. 'కుక్కల వలన భయము' అని పంచమీవాదులు. 'కుక్కలతోఁ గూడి' అని మేము.

సావధాన్ = అవధానముతో. పెళ్లిపీటల మీద మనం వినే 'సుముహూర్తే సావధాన'లోనిదే. ఆ మాట చెవిన పడగానే పారిపోయిన పెళ్లికొడుకు సమర్థ రామదాసు ఒక్కడేనని ఐతిహ్యం. తక్కినవారంతా కూర్చునే ఉన్నారు.

విశేషం: రాత్రి షిఫ్టు దిగి సైకిల్ మీద వస్తుంటే ఈ శునకమే వెంటపడింది. తొక్కినకొద్దీ దాని వేగమూ హెచ్చింది. చైను ఊడి, గత్యంతరం లేక దిగి నిలబడ్డాను. అదీ నిలబడింది. చెవులు వెనక్కి వాల్చి, మూతి నాక్కుని, ఆవులించింది. నిద్రొచ్చి కాదు, ఎటూ తోచక. తోక ఊపుట సైతం సర్వత్ర స్నేహార్థకం కాదు. యజమానిని చూస్తే కుడికి ఎక్కువగా, జబర్దస్తీ చేసే కొత్త కుక్కను చూస్తే ఎడమకు ఎక్కువగా ఊపుతుందని 2007లో ఇటలీ పరిశోధకులు తేల్చారు. కుడి అంటే కుక్కకు కుడి. ఎదుట నిలిచి వణికేవాడికి అన్వయం తారుమారవుతుంది.

ఈ రాష్ట్రంలోనే బాలోద్ దగ్గర ఖప్రీలో కుకుర్‌దేవ్ గుడి ఉంది. కుకుర్ అంటే ఛత్తీస్‌గఢీలో కుక్కే. అక్కడ చెప్పే కథ: అప్పు తీర్చలేని బంజారా తన కుక్కను షావుకారుకు తాకట్టు పెట్టాడు. షావుకారింట దొంగలు పడితే, సొమ్ము దాచిన చోటు కుక్కే చూపించింది. బాకీ చెల్లిందని షావుకారు చీటీ రాసి, దాని మెడకు కట్టి పంపేశాడు. ఎదురుగా పరుగెత్తుకొస్తున్న దాన్ని చూసి, తప్పించుకొచ్చి తన పరువు తీసిందనుకుని బంజారా కొట్టి చంపాడు. చీటీ ఆ తర్వాత చదివాడు. మూలం చూడకుండా వ్యాఖ్యానానికి దిగడమంటే ఇదే.

తాత్పర్యం: మా గేటు కుక్క మెడలో చీటీ లేదు. చెవికొసన గాటు ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ, రేబిస్ టీకా అయినవని దానికి అర్థం. ఆ టీకా వేరు.